నల్లగొండ పట్టణమంతటికీ హెపటైటిస్ పరీక్షలు చేయాలనుకుంటున్నాం, దారి చెప్పండి

రామగిరి వాసి (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మా మేనమామకు నలభై ఆరేళ్లు. జ్వరం వచ్చినా పనికి పోయే మనిషి. సంక్రాంతికి ముందు మా వీధిలో రక్తదాన శిబిరం పెడితే అందరికంటే ముందు వెళ్లి చేయి చాపాడు. వారం తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది, ఒకసారి వచ్చి కలవమని. దానం చేసిన ప్రతి రక్తాన్నీ హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారట. మామయ్య రక్తంలో హెపటైటిస్-బి ఉంది.

ఇంట్లో వాళ్లందరికీ పరీక్ష చేయించాం. అమ్మమ్మకూ ఉంది. ఆమెకు డెబ్బై దాటాయి. తనకు ఎన్నడూ కామెర్లు రాలేదంటుంది. అత్తయ్యకు లేదు, టీకా మొదటి డోసు వేశారు. పిల్లలిద్దరికీ పుట్టినప్పుడే టీకాలు పడ్డాయి, వాళ్లు క్షేమం. మామయ్యకు స్కానింగ్ తీసి, కాలేయం గట్టిపడటం మొదలైందని, రోజూ ఒక మాత్ర మానకుండా వేసుకోవాలని చెప్పారు. ఆ శిబిరం మా వీధిలో కాక పక్క వీధిలో పెట్టి ఉంటే ఆయన వెళ్లేవాడే కాదు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వనిది ఈ ఒక్క మాటే.

మా యువజన సంఘంలో నలభై మందిమి ఉన్నాం. కొందరు దాతలు ముందుకు వచ్చారు. వార్డు వార్డుకూ తిరిగి పట్టణంలో ప్రతి మనిషికీ హెపటైటిస్-బి, సి పరీక్షలు చేయాలని అనుకుంటున్నాం. ఇలాంటి పని దగ్గరగా చూసినవారు ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.

మూసీ గట్టు (సూర్యాపేట)

తమ్ముడూ, ఆలస్యం చేయవద్దు. కిట్టు ఖరీదు ఎక్కువేమీ కాదు. వేలి మీద సూదితో ఒక చుక్క తీసి పట్టీ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో గీత కనిపిస్తుంది. ఒక్కో వార్డుకు ఒక ఆదివారం పెట్టుకోండి. మా సంఘం నుంచి కూడా పదిమందిని పంపిస్తాను.

ల్యాబ్ అక్క (మిర్యాలగూడ)

తమ్ముడూ, మీ మామయ్య సంగతి చదివి మనసు కలుక్కుమంది. పంతొమ్మిదేళ్లుగా రక్తపరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. శిబిరం వేరు, సర్వే వేరు. ఈ రెండూ కలిసిపోతే ఏ ఒక్కటీ సరిగా జరగదు.

2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశమంతటా కోవిడ్ సీరో సర్వే, అంటే జనం రక్తంలో ఆ వైరస్ సోకిన జాడలు వెతికే సర్వే, చేసినప్పుడు తెలంగాణలో ఎంచుకున్న మూడు జిల్లాల్లో మనదొకటి. మిగతావి జనగామ, కామారెడ్డి. ఇక్కడ పని నడిపింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. జిల్లాకు పది ఊళ్లు లేదా వార్డులు, ఒక్కో చోట నలభై మంది. ఇష్టమైనవాళ్లు వచ్చి చేయి చాపడం కాదు. ఇళ్లను చీటీ వేసినట్టు ఎంచుకుంటారు. ఆ ఇంట్లో ఎవరి రక్తం తీయాలన్నది కూడా మన ఇష్టం కాదు. ఆగస్టు విడతలో ఒక ఊళ్లో రక్తం తీయడానికి నేనూ వెళ్లాను. చివరి ఇల్లు చెరువు కట్ట దాటాక, పత్తి చేను పక్కన ఉంది. ఆ ఒక్క ఇంటి కోసం మోకాలి లోతు బురదలో నడిచాం. దగ్గరలో ఉన్న మరో ఇల్లు చూసుకుంటే సరిపోదా అని మా డ్రైవర్ అడిగాడు. సరిపోదు. రోడ్డు పక్క ఇళ్లే తీసుకుంటే రోడ్డు పక్క మనుషుల సంగతే తెలుస్తుంది.

ఆ ఇంట్లో ఒక ముసలమ్మ. వేప చెట్టు కింద మంచం వాల్చి కూర్చోబెట్టాం. ఎండిన చేతులు, నరం దొరకలేదు. మోచేతి దగ్గర ఒకసారి గుచ్చాను, రాలేదు. రెండో చేతికి తడిగుడ్డ చుట్టి, కాసేపు పిడికిలి బిగించి వదలమని చెప్పి, మెల్లగా గుచ్చితే అప్పుడు వచ్చింది. గొట్టం నిలబెట్టి ఉంచితే అరగంటకు గడ్డకట్టింది. ఆరోగ్య కేంద్రానికి తెచ్చి యంత్రంలో తిప్పితే పైన ఎండుగడ్డి రంగు నీరు తేలింది. సీరం అంటే అదే. మంచుపెట్టెలో పెట్టి పంపాం. బయలుదేరేటప్పుడు ఆమె నా చేయి పట్టుకుని, "నా రక్తం ఏమి చెప్తుంది బిడ్డా?" అని అడిగింది.

మొత్తం లెక్క నేను చెప్పగలను. మూడు జిల్లాలూ కలిపి 2020 మే నెలలో యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారు చేసుకునే ప్రొటీన్లు, ఉన్నవారు 0.33 శాతం. ఆగస్టులో 12.2, డిసెంబరులో 24.1. 2021 జూన్‌లో చేసిన నాలుగో విడతకు 60.1 శాతం. ఇంత తక్కువ మంది రక్తంతో రాష్ట్రం ఎటు పోతోందో తెలిసింది. అది సర్వే చేసే మేలు. ఆమె అడిగింది మాత్రం తన రక్తం గురించి. మీరు చేయబోయే పనిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మీరే. ఎవరికి పాజిటివ్ వచ్చినా ఆ సాయంత్రమే ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడేది ఎవరు? ఇది తేలనిదే ఒక్క కిట్టు కూడా కొనకండి.

లెక్కల మాస్టారు (సూర్యాపేట)

ల్యాబ్ అక్క చెప్పిన దానికి నా వంతుగా ఒక లెక్క చేరుస్తాను. కాగితం, కలం దగ్గర పెట్టుకుని చూడండి.

దేశంలో హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారు స్థూలంగా నూటికి ఒకరు. జాతీయ స్థాయిలో చేసిన సీరో సర్వే లెక్క 0.95 శాతం. నల్లగొండ పట్టణంలో లక్షన్నర మంది ఉన్నారని, ఇక్కడా నూటికి ఒకరికే ఉందని అనుకుందాం. అంటే 1,500 మంది. మిగిలిన 1,48,500 మందికి లేదు. మీరు కొనే కిట్టు చాలా మంచిది, లేనివాళ్లలో నూటికి ఒక్కరి విషయంలోనే పొరబడుతుందని అనుకుందాం. అంటే 1,485 మంది ఏ వైరస్సూ లేకుండానే పాజిటివ్ అవుతారు. మీ జాబితాలో ఉన్న సుమారు మూడు వేల పేర్లలో సగానికి సగం తప్పు! ఆ సగం మంది ఇళ్లలో ఆ రాత్రి ఏమి జరుగుతుందో ఊహించుకోండి.

ఈ చిక్కు కోవిడ్ మొదటి విడతలోనే ఎదురైంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారు చేసిన కవచ్ ఎలైజా అనే యాంటీబాడీ పరీక్ష కిట్టుకు అప్పట్లో ప్రకటించిన నిర్దిష్టత (సోకనివారిని సోకనట్టే చూపడం) సుమారు 97.9 శాతం. నాలుగు వందల మందిని పరీక్షిస్తే, ఎవరికీ సోకకపోయినా ఎనిమిది మంది దాకా పాజిటివ్‌గా కనిపించవచ్చు. నిజంగా సోకినవారు ఒకరో ఇద్దరో ఉన్న రోజులవి. అందుకే పాజిటివ్ వచ్చిన నమూనాలను మరో రకం కిట్టుతో మళ్లీ పరీక్షించారు. జబ్బు అరుదుగా ఉన్నచోట ఒకే పరీక్షను నమ్మడానికి వీల్లేదు. నేను తరగతిలో బేయీస్ సిద్ధాంతం (కొత్త ఆధారం దొరికినప్పుడు సంభావ్యతను సరిదిద్దుకునే సూత్రం) చెప్పేటప్పుడు పిల్లలకు ఇప్పుడు పాచికల బదులు ఈ ఉదాహరణే ఇస్తున్నాను.

మూసీ గట్టు (సూర్యాపేట)

మాస్టారూ, మీ లెక్క కాదనను. కానీ మిగతా సగం మంది నిజమైన రోగులే కదా? ఆ 1,500 మందిలో ఎందరికో రేపు కాలేయం పాడైపోతుంది, కొందరికి క్యాన్సర్ వస్తుంది. ఈ తమ్ముడి మామయ్యను ఎవరూ చీటీ వేసి ఎంచుకోలేదు. తనంతట తాను వెళ్లి చేయి చాపాడు, బతికిపోయాడు. అన్నీ సవ్యంగా కుదిరేదాకా ఆగుదామంటే ఈలోపు పోయేవాళ్లు పోతూనే ఉంటారు. నాకు కోపం వచ్చి రాస్తున్న మాట కాదిది. మా నాన్న కాలేయ వ్యాధితోనే పోయారు. పసరు మందు పోయించి, పథ్యం పెట్టి రెండు నెలలు పోగొట్టుకున్నాం. అది ఏ వైరస్సో, అసలు వైరస్సో కాదో, ఇప్పటికీ మాకు తెలియదు.

ఇంకొక మాట. మనుషుల దగ్గరకు వెళ్లకుండా మురుగునీటిలో చూడలేమా? 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ దొరికితే హైదరాబాద్‌లో లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగు శుద్ధి కేంద్రాల నీరు పరీక్షించి, దాదాపు నెల రోజుల వ్యవధిలో హైదరాబాద్‌లో ఆరు లక్షల పైచిలుకు మందికి కోవిడ్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఆ మూసీయే కదా మన జిల్లాలోకి వచ్చేది.

హాలియా సోదరుడు

ఈ వేదిక మీద ఇంతవరకు చదవడమే తప్ప రాయలేదు. ఇది చదివాక ఊరుకోలేకపోయాను.

నాకు హెపటైటిస్-బి ఉంది. పదకొండేళ్ల కిందట మా ఊరి బడిలో ఒక శిబిరం పెట్టారు. ఎవరు పెట్టారన్నది అనవసరం. ఆవరణలో టేబులు వేసి, వరసలో నిలబెట్టి వేలి మీద గుచ్చారు. అరగంట తర్వాత మైకులో పేర్లు చదివారు: "ఈ నలుగురూ ఇటు పక్కకు రండి" అని. నలుగురిలో నేనొకడిని. ఎందుకు పిలిచారో వరసలో ఉన్న అందరికీ అర్థమైంది. మా అమ్మ కూడా ఆ వరసలోనే ఉంది.

ఆ నెలలోనే నా పెళ్లి సంబంధం తప్పిపోయింది. మా పెద్దనాన్న ఇంట్లో నాకు నీళ్లు ఇచ్చే గ్లాసు వేరుగా పెట్టారు. కలిసి తింటే, పక్కన కూర్చుంటే, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే ఇది అంటదని చెప్పే మనిషి ఆ శిబిరంలో ఒక్కరూ లేరు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు, ఒకరు వాడిన బ్లేడు మరొకరు వాడితే వస్తుందని నాకు నాలుగేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారు చెప్పారు. ఆ నాలుగేళ్లూ నేను మా అన్న కొడుకును ఎత్తుకోలేదు.

మిగతా ముగ్గురిలో ఒకరికి తర్వాత పరీక్ష చేస్తే అసలు వైరస్సే లేదని తేలింది. మాస్టారూ, మీరు చెప్పిన ఆ తప్పు సగంలో ఆయన ఒకరు. ఈ సంగతి ఎవరూ మైకులో చెప్పలేదు.

పరీక్షలు చేయవద్దని అనడం లేదు. చేయండి. నాకు తెలిసింది కాబట్టే ఇవాళ మాత్ర వేసుకుంటున్నాను, నా భార్యకు పెళ్లికి ముందే మూడు డోసుల టీకా పడింది, పాపకు పుట్టిన రోజునే పడింది. కానీ పేర్లు గట్టిగా పిలవకండి.

కమ్యూనిటీ మెడిసిన్ (ప్రభుత్వ వైద్య కళాశాలలో పీజీ)

హాలియా సోదరా, మీరు రాసినందుకు చేతులు జోడిస్తున్నాను. మీరు రాసింది మా తరగతిలో చదివి వినిపించడానికి అనుమతి ఇస్తారా? ఊరి పేరు తీసేస్తాను.

మూసీ గట్టు గారూ, పోలియో, కోవిడ్ వైరస్‌లు మలంలో బయటికి వస్తాయి కాబట్టి మురుగునీరు వాటి జాడ చెప్పింది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ రకాలను కూడా అలా పట్టవచ్చు. బి, సి రకాలు రక్తంలో దాగి ఉంటాయి. వాటికి రక్తం చూడక తప్పదు.

ఏమి చూడాలన్నది ముఖ్యం. శిబిరాల్లో చేసేది హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ఒక్కటే, అంటే హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రొటీన్‌ను వెతికేది. పాత ల్యాబుల్లో ఇప్పటికీ దాన్ని ఆస్ట్రేలియా యాంటిజెన్ అంటారు. 1965లో బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో దాన్ని గుర్తించడం వల్ల వచ్చిన పేరది. అది ఉంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉన్నట్టు. ఆరు నెలల తర్వాత కూడా ఉంటే దీర్ఘకాలిక వ్యాధి. అది లేదంటే క్షేమమని కాదు, ఇప్పటికి సోకలేదని మాత్రమే కావచ్చు. అలాంటివారికి టీకా కావాలి. అందుకు మరో రెండు యాంటీబాడీ పరీక్షలున్నాయి. యాంటీ-హెచ్‌బీఎస్ ఉంటే రక్షణ ఉన్నట్టు. యాంటీ-హెచ్‌బీసీ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ నిజంగా ఒంట్లోకి వచ్చినట్టు. టీకా వేసుకున్నవారికి మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. సహజంగా సోకి తగ్గినవారికి రెండూ ఉంటాయి. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఊరు ఏ స్థితిలో ఉందో అద్దంలో చూసినట్టు తెలుస్తుంది: ఎవరిలో వైరస్ దాగి ఉంది, ఎవరిని తాకి వెళ్లిపోయింది, ఎవరు టీకాతో గట్టిపడ్డారు, ఎవరికి ఏ రక్షణా లేదు.

కోవిడ్‌కూ ఇలాంటి మెలికే ఉంది. కోవిషీల్డ్ వేసుకున్నవారిలో స్పైక్ (వైరస్ పైనుండే ముళ్ల లాంటి ప్రొటీన్) యాంటీబాడీలే వస్తాయి. కోవాగ్జిన్‌లో మొత్తం వైరస్‌నే చంపి వాడతారు కాబట్టి లోపలి ప్రొటీన్‌కు కూడా రావచ్చు. సోకిందా, టీకా వల్ల వచ్చిందా అని విడదీయడం అందుకే కష్టమైంది. టీకాలు జనంలోకి వెళ్లకముందు, 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లోని 30 వార్డుల్లో సుమారు తొమ్మిది వేల మంది రక్తం చూస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. వారిలో నాలుగింట మూడొంతుల మందికి తమకు కోవిడ్ వచ్చి పోయిన సంగతే తెలియదు.

హెపటైటిస్-సి విషయంలో ఇంకో జాగ్రత్త. కిట్టు పట్టేది యాంటీబాడీని. సోకినవారిలో 15 నుంచి 45 శాతం మందికి చికిత్స లేకుండానే వైరస్ పోతుంది, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. అందుకని వైరస్ ఆర్‌ఎన్‌ఏ (జన్యుపదార్థం) పరీక్ష చేయనిదే రోగి అనకూడదు. వైరస్ ఉందని తేలితే మాత్రం భయం అక్కర్లేదు. చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం.

చివరగా రామగిరి తమ్ముడికి ఒక ప్రశ్న. పుట్టిన బిడ్డకు సోకితే నూటికి తొంభై మందిలో వైరస్ తిష్ఠ వేస్తుంది. పెద్దయ్యాక సోకితే అయిదుగురిలో కూడా నిలవదు. మీ అమ్మమ్మకు, మామయ్యకు ఇద్దరికీ ఉందంటే, అది కాన్పులోనో పసితనంలోనో తల్లి నుంచే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మీరు అత్తయ్యకు, ఆమె పిల్లలకు చేయించారు. మీ అమ్మమ్మ కన్న మిగతా పిల్లలకు చేయించారా? మీ అమ్మగారికి?

రామగిరి వాసి (నల్లగొండ)

లేదు సార్. "ఇంట్లో వాళ్లందరికీ" అని రాశాను. మామయ్య ఇంట్లో వాళ్లు అనుకున్నాం. అమ్మ ఈ ఇంటికి వచ్చి ముప్ఫై ఏళ్లయింది కాబట్టి ఆమె పేరు ఎవరికీ గుర్తు రాలేదు. రేపు పొద్దున్నే తీసుకెళ్తాను.

మర్రిగూడ పెద్దమనిషి

బాబూ, పరీక్షలంటే మా ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. ఫ్లోరైడ్ పేరు మీద నా చిన్నప్పటి నుంచి మా పళ్లు చూశారు, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మూత్రం తీసుకెళ్లారు, వంగిన కాళ్లకు ఫొటోలు తీశారు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని మా జిల్లా పేరే పెట్టారు. పుస్తకాల్లో పేరు వచ్చింది. మా బావి నీళ్లలో ఎంత ఉందో చెప్పమని అడిగితే, పట్టుకెళ్లిన వాళ్లలో మళ్లీ మా గుమ్మం తొక్కి చెప్పింది ఇద్దరో ముగ్గురో. నా భార్య మోకాళ్లు వంగలేక, కూర్చుంటే లేవలేక ఇరవై ఏళ్లు గడిపి పోయింది. కృష్ణా నీళ్లు వచ్చాక మా మనవల పళ్లు తెల్లగా ఉన్నాయి, అది చూసి సంతోషిస్తున్నాను.

మీరు వస్తే మా వాళ్లు రక్తం ఇస్తారు. కాదనే గుణం మాకు లేదు. కానీ తీసుకున్న ప్రతి చీటీకి తిరుగు చీటీ రావాలి. లేదు అని వచ్చినా ఆ మాట రాసి ఇవ్వాలి.

పాలమూరు బాటసారి (కోస్గి దగ్గర, ప్రస్తుతం పుణె)

అన్నలారా, ఒక సంగతి ఎవరూ అనడం లేదు. ఇల్లు తాళం వేసి ఉంటే ఏమి చేస్తారు?

మా వైపు దసరా, దీపావళి దాటాక ఊరు సగం ఖాళీ అవుతుంది. ముంబై, పుణె, హైదరాబాద్ వైపు బస్సులు ఎక్కుతారు. నేను పుణెలో సెంట్రింగ్ పని చేస్తాను. సర్వే వాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది మా అమ్మానాన్న, పిల్లలు. వాళ్ల రక్తం తీసుకుని ఊరు క్షేమంగా ఉందని రాస్తే అది ఎవరి క్షేమం? ఇక్కడ షెడ్డులో మేము పద్దెనిమిది మందిమి. గడ్డం గీసుకునే రేజరు ఒకటే ఉండేది. ఒంట్లో బాగోలేకపోతే సందు చివర ఒకతను సూది వేస్తాడు. అది కొత్త సూదో కాదో అడిగేంత తీరిక ఎవరికీ లేదు. హాలియా అన్న రాసింది చదివాక నిన్న రేజర్లు ఎవరిది వాళ్లకు కొన్నాం.

మీకు పట్టణమంతా చూడాలని ఉంటే, తాళం వేసిన ఇళ్లను వదిలేయకండి. అదే తాళం కింద ఎక్కువ సంగతి ఉండవచ్చు.

లెక్కల మాస్టారు (సూర్యాపేట)

బాటసారీ, నువ్వు చెప్పింది నా లెక్కంతటి కంటే పెద్ద మాట. పరీక్ష తప్పితే రెండో పరీక్షతో దిద్దుకోవచ్చు. ఎంపికలోనే రాని మనిషిని ఏ సూత్రమూ వెనక్కి తీసుకురాదు. తాళం ఇంటి స్థానంలో పక్కింటిని చేర్చుకోవడం కాకుండా, ఆ ఇల్లు జాబితాలో అలాగే ఉంచి మూడు సార్లు వెళ్లాలి. సంక్రాంతికో ఉగాదికో మనుషులు ఊళ్లో ఉండే రోజులు చూసుకోవాలి. అప్పటికీ దొరకనివారు ఎందరో లెక్కలో రాయాలి.

తమ్ముడు అడిగిన దానికి సూటిగా చెప్తాను. మన పట్టణంలో ఎంతమందికి ఉందో తెలియాలంటే లక్షన్నర మందికి చేయనక్కర్లేదు. అలాగని నాలుగు వందలు చాలవు. నూటికి ఒకరి చొప్పున నలుగురు దొరుకుతారు, అసలు సంఖ్య దాని సగం కంటే తక్కువా కావచ్చు, రెండింతలా కావచ్చు. రెండు వేల మందిని సరిగా ఎంచుకుంటే ఇరవై మంది దొరుకుతారు, అప్పుడు 0.6కూ 1.5కూ మధ్య అని కొంత ధైర్యంగా చెప్పవచ్చు. అయితే ఒకే వీధిలో, ఒకే ఇంట్లో కేసులు గుంపుగా ఉంటాయి కాబట్టి ఆ హద్దులు ఇంకొంచెం వెడల్పవుతాయి.

ఆశ కార్యకర్త (దేవరకొండ వైపు తండాలు)

అన్నలకు నమస్తే. నేను పెద్దగా చదువుకోలేదు, రోజూ చేసే పని గురించి చెప్తాను.

గర్భిణులకు హెపటైటిస్-బి పరీక్ష చేయిస్తాం. పాజిటివ్ ఉన్న తల్లికి కాన్పు ఆసుపత్రిలోనే కావాలి. బిడ్డ పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు, వీలైతే పన్నెండు గంటల్లోపే, మొదటి టీకా పడాలి. దాంతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ కూడా వేస్తారు. ఈ గంటల కోసం మేము రాత్రిపూట ఆటోలు పిలుస్తాం. పోయిన వానాకాలం ఒక తండాలో వాగు పొంగి ఆటో ఆగిపోయింది. అమ్మాయిని మంచం మీద మోసుకుని అవతలి గట్టుకు చేర్చారు. తెల్లవారు జామున నాలుగింటికి కాన్పు అయింది, ఏడు కొట్టకముందే బిడ్డ తొడ మీద టీకా పడింది. నర్సమ్మ కార్డులో వేసిన ఆ టిక్కు చూశాకే నేను టీ తాగాను.

ఆమెకు పాజిటివ్ అని ఆమెకు, భర్తకు, నాకు తప్ప తండాలో ఎవరికీ తెలియదు. అత్తకు కూడా తెలియదు. ఆడవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి. మగవాడికి వస్తే జబ్బు అంటారు, ఆడదానికి వస్తే మరో మాట అంటారు. మీ సంఘంలో నలభై మంది అన్నారు, వాళ్లలో ఆడపిల్లలు ఎందరు? ఇంటింటికీ మీ అబ్బాయిలు మాత్రమే వెళ్తే నా లాంటివాళ్లు చేయి చాపరు.

రామగిరి వాసి (నల్లగొండ)

అక్కా, మా సంఘంలో ఆడపిల్లలు ఇద్దరే ఉన్నారు. ఈ మాట మాకు తట్టనందుకు సిగ్గుపడుతున్నాను.

అమ్మ పరీక్షలు వచ్చాయి. పీజీ డాక్టరుగారు చెప్పినట్టు మూడూ చేయించాను. హెచ్‌బీఎస్‌ఏజీ లేదు. యాంటీ-హెచ్‌బీసీ ఉంది, యాంటీ-హెచ్‌బీఎస్ కూడా ఉంది. అంటే ఎప్పుడో సోకింది, ఆమె ఒళ్లే దాన్ని వెళ్లగొట్టింది. "నాకు తెలియకుండానే నా ఒంట్లోకి వచ్చి పోయిందా?" అని ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఒకే తల్లి బిడ్డలు. తమ్ముడిలో నలభై ఆరేళ్లు దాక్కుంది, అక్కను తాకి వెళ్లిపోయింది. మామయ్య వచ్చి అమ్మ పక్కన కూర్చుని ఆమె రిపోర్టు మూడుసార్లు చదివాడు. ఏమీ మాట్లాడలేదు.

సంఘంలో నిన్న మాట్లాడుకున్నాం. ప్రతి మనిషికీ పరీక్ష అన్న ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టాం. వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికి దరఖాస్తు ఇస్తాం. వాళ్ల నైతిక సంఘం (పరిశోధనలో మనుషులకు హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి ఇచ్చి, ఎంపిక, రెండో పరీక్ష వాళ్లు చూసుకుంటే ఇళ్లు వెతకడం, తాళాలు తీసే రోజులు కనుక్కోవడం, మళ్లీ మళ్లీ వెళ్లడం మేము చేస్తాం. ఫలితం మూసిన కవరులో ఆ మనిషి చేతికే ఇస్తాం, లేదు అని వచ్చినా సరే. మూసీ గట్టు అన్నా, ఆ పని నడిచేలోపు ఆగనక్కర్లేదు. ఇప్పటికే పాజిటివ్ అని తెలిసినవారి తోబుట్టువులను, పిల్లలను ఆసుపత్రికి తోడు తీసుకెళ్లే పని వెంటనే మొదలుపెడదాం. మా ఇంటి నుంచే మొదలు.

మా చిన్నమ్మ ఒకామె భీవండిలో మరమగ్గాల దగ్గర ఉంటుంది. ఫోను చేసి చెప్తే ముందు ఏడ్చింది. ఆమెకు ముగ్గురు పిల్లలు, పెద్దవాడు 1998లో పుట్టాడు. వాడికి టీకా పడిందో లేదో ఆమెకు గుర్తు లేదు.

కమ్యూనిటీ మెడిసిన్ (ప్రభుత్వ వైద్య కళాశాలలో పీజీ)

మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు ఇంజనీరింగ్‌తో చేసిన) హెపటైటిస్-బి టీకాను హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసింది 1997లో. ఆ సంస్థ స్థాపకుడు వరప్రసాద్ రెడ్డి గారి పుణ్యమా అని ధర సామాన్యుడికి అందేంతగా దిగింది. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో దేశమంతటా చేరింది మాత్రం 2011లో. ఆ మధ్య పుట్టినవారిలో చాలామందికి కొనుక్కుంటేనే టీకా పడింది. కాబట్టి పెద్దవాడికి పడి ఉండకపోవచ్చు. ముగ్గురికీ, చిన్నమ్మగారికీ మూడు పరీక్షలూ చేయించండి. రక్షణ లేదని తేలితే మొదటి డోసు ఆ రోజే వేయించుకోవచ్చు, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. దరఖాస్తు నాకు పంపండి, మా ప్రొఫెసర్ గారికి నేను స్వయంగా ఇస్తాను.

హాలియా సోదరుడు

డాక్టర్ గారూ, తరగతిలో చదవండి. ఊరి పేరు తీయనక్కర్లేదు.

రామగిరి తమ్ముడూ, మీ మామయ్యకు ఎవరితోనైనా మాట్లాడాలని ఉంటే నాకు సందేశం పంపు. బండి మీద గంటలో వచ్చేస్తాను.

ల్యాబ్ అక్క (మిర్యాలగూడ)

చిన్నమ్మ వాళ్లు ఎప్పుడు వస్తున్నారో చెప్పు తమ్ముడూ. ఆదివారమైతే నాకు సెలవు, నేనే వచ్చి ఇంట్లోనే రక్తం తీస్తాను. నలుగురికీ గొట్టాలు, మంచుపెట్టె నేను తెచ్చుకుంటాను. రిపోర్టులు ఇవ్వడానికి మళ్లీ నేనే వస్తాను.